డోచ్కా ద్రాక్షపందిరి

డోచ్కా ఇరవయ్యేడేళ్లు ప్లొవ్దివ్ నగరంలో ట్రాలీబస్సు నడిపింది. నెత్తిమీద కరెంటు వైర్లు, ముందు అడ్డదిడ్డంగా దాటే జనం, వెనక సణిగే ముసలమ్మలు. ఇన్నింటి మధ్యా ఆమె ఏనాడూ గొంతు పెంచలేదని డిపోలో చెప్పుకునేవారు. పదవీ విరమణ చేసి భర్త నైడెన్ సొంతూరు చేరాక మాత్రం ఆ ఓర్పు రెండేళ్లలో అడుగంటింది.

ఆమె కోరిక చిన్నదే. వేసవిలో పెరట్లో బల్ల వేసుకుని భోంచేయడానికి ఇంత నీడ. పాత ద్రాక్షతీగ మంచుకు మాడిపోయింది. మార్చి నెలలో సంతకు వెళ్లి ఆరు అంటుమొక్కలు కొనుక్కొచ్చింది. తినే ద్రాక్ష, తెల్లటి బోల్గార్ రకమని అమ్మినావిడ ఒట్టు పెట్టి మరీ చెప్పింది.

"ముందు పందిరి వెయ్యి. స్తంభాలకు గుంతలు తవ్వాక మొక్కలు పెడదాం," అంది భర్తతో.

"అన్నయ్యని అడిగి వేస్తా," అన్నాడు నైడెన్.

అన్న మెటోడి గోడవతల ఇంట్లోనే ఉంటాడు. తమ్ముడు ఇనుపగొట్టాలు చాలన్నాడు, అన్న చేవదేరిన కర్ర స్తంభాలే కావాలన్నాడు. రకియా అనే ద్రాక్షసారాయి సీసా మధ్యలో పెట్టుకుని తొమ్మిది రోజులు వాదించుకున్నారు. మొక్కలు బకెట్టు నీళ్లలో నానుతూ అక్కడే చిగుళ్లు వేయడం మొదలుపెట్టాయి. పదోరోజు డోచ్కాకి ఒళ్లు మండింది. పార తీసుకుని ఆరింటినీ తనే నాటేసింది.

పదకొండోరోజు పొద్దున్నే అన్నదమ్ములు కర్రలు మోసుకొచ్చారు. సరిగ్గా మొక్కల పక్కనే గునపాలు దించారు.

"అయ్యో, వేళ్లు తెగుతాయి! అవతలికి జరపండి!"

"గీత గీసుకున్నాం కదమ్మాయ్, ఇప్పుడు జరిపితే వంకరవుతుంది," అన్నాడు మెటోడి. జరపకపోయినా వంకరే అయింది. రెండు మొక్కల వేళ్లు తెగి, ఒకటి నెలలోపే ఎండిపోయింది.

తీగ పాకడానికి స్తంభాల మధ్య వైరు లాగేటప్పుడు మరో గొడవ. చివరి స్తంభాలు లోపలికి ఒరగడం చూసి డోచ్కా ఆపమంది.

"స్టే వైర్లు కావాలి బావగారూ. వాటితో స్తంభాన్ని వెనక్కి లాగి, రెండో కొస నేలలో గట్టిగా పాతాలి. మా బస్సు లైనుకి అలాగే ఉంటాయి."

"ట్రాలీబస్సు వేరు, ద్రాక్ష వేరు. మా తాత పందిరికి ఏ స్టే వైరూ లేదు."

"మీ తాత పందిరి ఇప్పుడెక్కడుంది?"

మెటోడి కాస్త ఆలోచించాడు. "పడిపోయిందనుకో. కానీ చాలాకాలం నిలబడింది."

వైరును వదులుగానే వదిలేసి, పని పూర్తయిందని ఇద్దరూ మళ్లీ సీసా తీశారు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో, ద్రాక్ష కత్తిరించే ట్రిఫోన్ పండగనాడు, ఊరంతా కలిసి నైడెన్‌నే పండగ రాజుగా ఎన్నుకుంది. తాగడంలో అతన్ని మించినవాడు లేడు మరి. తలమీద తీగల కిరీటంతో, వెనక అన్నతో అతను ఇంటికొచ్చేసరికి డోచ్కా కత్తెరతో పెరట్లో ఉంది. ఐదు మొక్కలకూ రెండేసి చిగురు కన్నులు మాత్రం ఉంచి, మిగతాదంతా కత్తిరించేసింది.

"ఏడాదంతా పెరిగినదాన్ని జానెడు చేసి పారేశావా! హంతకురాలా!"

"పైన తగ్గిస్తేనే కింద వేరుకి బలం. రాజుగారికి ఆ మాత్రం తెలీదా?"

రాజుగారు అలిగి మూడురోజులు అన్నగారింట్లోనే తిన్నాడు. ఆ మూడురోజులూ డోచ్కా హాయిగా ఉంది.

ఆ వేసవిలో ఒక్కో మొక్కకూ ఒక్క రెమ్మనే ఉంచి, ఊతకర్రకు కట్టి పైకెక్కించింది. జులైలో అవి వైరు అందుకున్నాయి. ఆ వారమే గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే స్తంభాలన్నీ తాగినవాళ్లలా ఒకదానిమీదొకటి వాలి ఉన్నాయి. రెమ్మలు మాత్రం విరగలేదు.

"గాలి మరీ ఎక్కువైంది," అన్నాడు మెటోడి గోడమీంచి.

నోరు తెరిస్తే వాదన ఆగదని డోచ్కాకి తెలుసు. డిపోలో పాత లైన్‌మన్‌కి ఫోన్ చేసి, పాత వైరు ముక్కలూ బిగించే మరలూ తెప్పించుకుంది. చివరి స్తంభాలను బయటికి వాల్చి పాతింది. బండరాళ్లకు స్టే వైర్లు కట్టి నేలలో దించింది. "పట్టుకో" అంటే నైడెన్ పట్టుకున్నాడు, "వదులు" అంటే వదిలాడు. పెళ్లయిన ముప్పయ్యారేళ్లలో అతను ఎదురు చెప్పకుండా చేసిన మొదటి పని అదే. వైరును వేలితో మీటి చూసి, గట్టిగా మోగాక గానీ ఆమె మర వదల్లేదు.

మూడో ఏడు శరదృతువులో పందిరి సగం కమ్ముకుంది. అక్కడక్కడా గుత్తులు కాశాయి. రంగు తిరిగే వేళకు చూస్తే ఐదింటిలో మూడు నల్లవి, పుల్లటివి. సారాయికి తప్ప దేనికీ పనికిరావు. సంతలో ఆవిడ ఒట్టు గుర్తొచ్చి డోచ్కా తల పట్టుకుంది.

"పీకేస్తాను," అంది.

"పీకితే నామీద ఒట్టే!" నైడెన్ ముఖం వెలిగిపోయింది. "దేవుడు నా మొర విన్నాడే!"

ఆ ఆదివారం వచ్చిన చుట్టాలకు, ఆ నీడలోనే కూర్చుని, పందిరి తానెలా కట్టాడో అతను వివరంగా చెప్పాడు. స్టే వైర్ల ఆలోచన తనదేనని మెటోడి కలిపాడు.

డోచ్కా మిరపకాయల వేపుడు పళ్లెం బల్లమీద ఠక్కున పెట్టింది. "తినండి. నోరు ఖాళీగా ఉంటే ఇలాంటివే వస్తాయి."