మబ్బు చూసే మనిషి

తవుడు వేగుతుంటే ఒక వాసన వస్తుంది. కాస్త మాడినట్టూ ఉంటుంది, కాస్త తియ్యగానూ ఉంటుంది. నిన్న సాయంత్రం మా మనవరాలు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పడానికి వంగి, వంగినది వంగినట్టే ఉండిపోయింది. పొద్దస్తమానం టైపు మిషను ముందు కూర్చునే ఉద్యోగం దానిది. నడుం పట్టేసింది మామ్మా, ఏదైనా బిళ్ళ వేసుకుంటానంటే, బిళ్ళ తర్వాత వేసుకుందువుగానిలే ముందు పడుకోమని కసిరి, మూకుడు పొయ్యి మీద పెట్టాను. గుప్పెడు రాళ్ళ ఉప్పు, రెండు గుప్పెళ్ళ తవుడు. గరిటె తిప్పుతుండగా ఆ వాసన ముక్కుకు తగిలింది. అంతే, నేనిక్కడ లేను. నర్సీపట్నంలో మా అత్తగారింటి పెరటి వసారాలో, చాప మీద వెల్లకిలా పడి ఉన్నాను. దిమ్ము దిమ్మని రోకలి పోటు వినబడుతోంది.

ఇది పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మావారు బోర్డు స్కూల్లో మేష్టారు. నాకు మొదటి కాన్పయి మూడు నెలలు. బావి దగ్గర నీళ్ళ బిందె చంకనెత్తుకోబోతే నడుములో ఏదో పుటుక్కుమంది. ఆ రోజు మొదలు లేస్తే నొప్పి, కూర్చుంటే నొప్పి, తుమ్మితే ప్రాణం పోయినంత పని. వైద్యుడొకాయన వచ్చి నాడి చూసి గుళికలిచ్చాడు. వేసుకున్న గంటకల్లా హాయిగా ఉండేది. ఆ హాయి ఏమిటో నాలుగో రోజున తెలిసింది. మావాడు సూర్యం పాలు తాగి పడుకున్నవాడు పొద్దెక్కినా లేవలేదు. అరికాళ్ళు గిల్లినా కదలలేదు. మధ్యాహ్నానికి కళ్ళు విప్పాడు గానీ, ఆ రెండు జాములూ నేను పడ్డ నరకం పగవాళ్ళకు కూడా వద్దు. గుళికలో నల్లమందు ఉందని మావారు కనుక్కొచ్చారు. మిగిలిన గుళికలన్నీ పొయ్యిలో పోసేశాను. నొప్పితో చస్తే చస్తాను గాని, మళ్ళీ మందన్నది నోట పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను.

ఒట్టయితే పెట్టుకున్నాను, బిడ్డను ఎత్తుకోవడం ఎలా? ఎవరైనా తెచ్చి పక్కలో వేస్తే పాలివ్వడం, తీసుకెళ్తే చూస్తూ పడుకోవడం. ఆరో నెలలో అన్నప్రాసనకు యలమంచిలి నుంచి మా వదినగారు, అంటే మావారి అక్కగారు, వచ్చారు. ఆవిడకు పిల్లల్లేరు. నా అవస్థ చూసి, శ్రావణమాసంలో మళ్ళీ వస్తాననీ, అప్పటికీ నేను వాణ్ణి ఎత్తుకోలేకపోతే తనతో తీసుకెళ్ళి పెంచుతాననీ అన్నారు. చెడ్డ మాట ఏమీ కాదు, ప్రేమతో అన్న మాటే. అత్తగారు కూడా అదే మంచిదన్నారు. మావారు నేలచూపులు చూశారు. వెళ్ళిన పిల్లవాడు నడక, మాట, అమ్మ అన్న పిలుపు అన్నీ అక్కడే నేర్చుకుంటాడని, ఇక నావాడు కాడని నాకు ఒక్కదానికే అనిపించింది. నా చేతిలో రెండు నెలలు ఉన్నాయి.

మా ఇంట్లో వడ్లు దంచడానికి రోలుగుంట వైపు పల్లె నుంచి అప్పయ్యమ్మ అని ఒకామె వచ్చేది. రైతు ఇంటి మనిషి. యాభై దాటి ఉంటాయి. బక్కపలచని ఒళ్ళు, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన చీర. నాలుగైదు మైళ్ళు నడిచి వచ్చి, జాముసేపు దంచి, చెరిగి, మళ్ళీ నడిచి వెళ్ళిపోయేది. దంచినంతసేపూ ఒక్క మాట మాట్లాడేది కాదు. పెరట్లోంచి వసారా మెట్టు ఎక్కేది కాదు. మాది మడి ఇల్లు. అత్తగారు స్నానం చేసి మడి కట్టుకున్నారంటే మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఆవిణ్ణి మేమే తాకకూడదు, ఇక ఆమె సంగతి చెప్పాలా.

ఒకరోజు అత్తగారు పూజలో ఉన్నారు. సూర్యం పక్క చాప మీద గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నేను చచ్చీచెడీ లేచి, వాడి మీదికి వంగి, చేతులు చాపి, సగంలో ఆగిపోయాను. ఇటు వంగలేను, అటు లేవలేను. కళ్ళమ్మట నీళ్ళు. రోకలి చప్పుడు ఆగింది.

"సిన్నమ్మగారూ, మీరు వంగీది సూత్తంటే నాకే నడుం నొప్పి పుడతంది" అంది అప్పయ్యమ్మ. "నడుం దగ్గిర వంగీకండమ్మా. నడుం వంగీ సోటు కాదు. తుంటికాడ మడవాల."

నాకు ఒళ్ళు మండింది. వడ్లు దంచే మనిషి నాకు వంగడం నేర్పుతుందా అనుకున్నాను. కానీ ఆమె ఇంకేం అనకుండా, కింద చెదిరిన నాలుగు వడ్లగింజలు ఏరడానికి వంగింది. చూడాలి ఆ వంగడం. కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం సడలించి, తుంటి వెనక్కి నెట్టింది. తల నుంచి నడుం దాకా వీపు బల్లలా చదునుగా కిందికి దిగింది. ఎక్కడా విల్లులా ఒంగలేదు. అంతకాలం ఆమె మా పెరట్లోనే అలా వంగుతూ ఉంది, నేను ఒక్కనాడూ చూడలేదు. నోరెళ్ళబెట్టి చూశాను.

మా ఇంట్లో మడిబట్టలు ఆరేసే కర్ర ఒకటి ఉండేది. ఎత్తున కట్టిన దండెం మీదికి బట్టలు ఎక్కించడానికి వాడే సన్నటి వెదురు కర్ర. అప్పయ్యమ్మ దాన్ని దూరం నుంచే వేలితో చూపించింది. తను ముట్టుకోకూడదు, నన్ను తాకకూడదు, అందుకని నా వీపును ఆ కర్రకు అప్పగించింది. ఒక చేత్తో మెడ దగ్గర, ఇంకో చేత్తో నడుం దగ్గర కర్రను పట్టుకుని వెనక నిలువుగా ఆనించుకోవాలి. వెనకతలకు ఒకచోట, వీపుకు ఒకచోట, ముడ్డిపూసకు ఒకచోట తగలాలి. వంగేటప్పుడు మూడింటిలో ఏది వీడినా అక్కడే ఆగిపోవాలి. ముడ్డిపూస అన్న మాట ఆమె అంత గట్టిగా అనేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. మొదటి రోజు జానెడు వంగేసరికి కర్ర జారి గచ్చు మీద దభేలున పడింది. మడికర్రతో ఆటలేమిటే అని అత్తగారు పూజగదిలోంచి అరిచారు.

వారం రోజులు అదే పని. పక్కమీంచి లేవాలంటే ముందు పక్కకు తిరిగి, కాళ్ళు దించి, చేతిమీద బరువుంచి లేవాలి. అదేపనిగా పడుకోకూడదు, అదేపనిగా కూర్చోకూడదు. పెరట్లో బావి చుట్టూ నడవాలి. సాయంత్రం ఆమె దంచిన బియ్యపు తవుడే వేయించి, మూటకట్టి కాపడం పెట్టుకోవాలి. పది రోజులయ్యాక కర్ర జారకుండా మోకాళ్ళ దాకా వంగగలిగాను. అప్పుడు అప్పయ్యమ్మ ఒక వెదురుబుట్ట తెప్పించమంది. అందులో ఒక్క దోసెడు వడ్లు పోయించింది. అది నేలమీంచి గుండెల దాకా ఎత్తి దింపాలి. పొద్దున ఐదుసార్లు, సాయంత్రం ఐదుసార్లు. ఎత్తేముందు దానికి దగ్గరగా వెళ్ళి, ఒంటికి హత్తుకుని మరీ లేవాలి. రోజుకు ఒక్క దోసెడు కలపాలి. ఎప్పటిదాకా అంటే, బాబు బరువు అయ్యేదాకా.

"వాడూ పెరుగుతున్నాడు కదే" అన్నాను.

"అయితే బేగి మొదలెట్టండి" అంది.

రోజుకో దోసెడు. నొప్పి ఎక్కువైన రోజు సగం తీసి ఎత్తాలట గాని మానకూడదట. ఆషాఢం సగానికి వచ్చేసరికి బుట్ట సగం నిండింది. నాకు కొమ్ములొచ్చాయి. శ్రావణం తరుముకొస్తోందన్న భయం ఒకవైపు, నాకిక తిరుగులేదన్న పొగరు ఒకవైపు. ఒకరోజు ఎవరూ చూడకుండా నాలుగు దోసిళ్ళు ఒక్కసారే పోసి ఎత్తాను. మూడోసారికి నడుం పట్టేసింది. చాప మీద పడ్డదాన్ని రెండు రోజులు లేవలేదు. మూడో రోజు అప్పయ్యమ్మ వచ్చేసరికి నా కోపమంతా ఆమె మీదికి మళ్ళింది. బుట్టలో వడ్లు పారబోయమన్నాను. నొప్పంటే నీకేం తెలుసు, రాయిలా ఉన్నదానివి, చెప్పడం తేలికే అన్నాను.

ఆమె రోకలి గోడకు చేరేసింది. కోపం రాలేదు. చిన్నగా నవ్వింది కూడా.

"సెరుకు మోపెత్తుకుని గట్టు మీంచి పడిపోయి పదారేళ్ళయినాదమ్మా" అంది. "ఒక్క రోజు పోనేదు. ఇప్పుడూ ఉన్నాది, దంచుతన్నప్పుడూ ఉన్నాది. అది పోతాదని నానెప్పుడన్నాను? బాబునెత్తుకోవచ్చని అన్నాను."

పదహారేళ్ళు! మా పెరట్లో ఆ రోకలి పడిన ప్రతి పోటుకూ ఆ నడుము మూలిగి ఉంటుంది. ఆ నడుముతోనే నాలుగైదు మైళ్ళు వచ్చేది, నాలుగైదు మైళ్ళు వెళ్ళేది. ఎప్పుడైనా అమ్మా అని మూలిగిందా? నేనైతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే జపం. ఆమె మళ్ళీ అంది, పట్టినది వదుల్తాది, లేచి నాలుగడుగులెయ్యండి, అని. లేచాను. బావి చుట్టూ నడిచాను. ఆమె ఆ చివర, నేను ఈ చివర. సాయంత్రం బుట్టలో సగం తీసి, మిగతా సగం ఎత్తాను.

వానలు పడ్డాక అప్పయ్యమ్మ రావడం మానేసింది. నాట్ల రోజుల్లో ఆమె పది పదిహేనుమంది ఆడవాళ్ళకు పెద్ద. శ్రావణం మొదట్లో మావారితో బండిలో రోలుగుంట దారిన చుట్టాలింటికి వెళ్తూ ఆమెను పొలంలో చూశాను. బండి ఆపించాను. సన్నగా జల్లు పడుతోంది. మోకాళ్ళ లోతు బురదలో ఆడవాళ్ళంతా వరసగా వంగి నారు గుచ్చుతున్నారు. వాళ్ళ మధ్య చదునుగా, బల్లలా ఉన్న ఆ వీపును ఇట్టే పోల్చుకున్నాను. వరస చివరికి వచ్చినప్పుడల్లా ఆమె లేచి నిలబడేది. రెండు చేతులూ నడుం మీద ఆనించి, మెల్లిగా వెనక్కి వాలి, ఆకాశం వైపు చూసేది. నాలుగు ఊపిర్లు తీసి మళ్ళీ వంగేది. గట్టు మీద ఉన్న ఆడమనిషిని అడిగితే నవ్వింది.

"అప్పయ్యమ్మ అలగే మబ్బు సూస్తాదండి. వానెప్పుడు పెద్దదవుతాదో మాకు సెప్పీది ఆవిడే."

ఊరు ఊరంతా ఆమె మబ్బు చూస్తోందనే అనుకున్నారు. పదహారేళ్ళుగా ఆమె తన నడుం నొప్పిని అందరి కళ్ళెదుటే సముదాయించుకుంటూ వస్తోంది, ఒక్కరికీ తెలియదు. పక్కన వంగి నాటుతున్న వాళ్ళకీ తెలియదు. లోకంలో నాకొక్కదానికే తెలుసు. బండిలోంచే ఆమె వైపు చేతులు జోడించాను. గుళ్ళో దేవుడి ఎదుట కూడా నాకు అలా చేతులు జోడించాలని అనిపించలేదు. మావారు అడిగితే ఏమీ లేదన్నాను. ఆమె చెప్పుకోని మాట నేనెందుకు చెప్పాలి?

వదినగారు అన్న మాట ప్రకారం వచ్చేశారు. బండిలో పరుపు వేసి, పిల్లవాడికని మెత్తటి దుప్పటి కూడా తెచ్చారు. నా బుట్టకు ఇంకా ఐదారు దోసిళ్ళు తక్కువే. పొద్దున్నే వాణ్ణి తలకడిగి, కాటుక పెట్టి, నట్టింట్లో చాప మీద కూర్చోబెట్టారు. వదినగారు ముందుకు వచ్చారు. ఒక్క నిమిషం ఆగండి వదినా, అన్నాను. వాడి దగ్గరకు వెళ్ళాను. కాళ్ళు ఎడంగా పెట్టాను. నా వీపు మీద కర్ర లేదు గానీ మూడు చోట్లా అది తగులుతున్నట్టే ఉంది. తుంటి మడిచి దిగి, వాణ్ణి గుండెకు హత్తుకున్నాను. ఊపిరి వదులుతూ లేచాను. నొప్పి వచ్చింది. నడుంలోంచి పిక్కదాకా జివ్వున లాగింది. వాణ్ణి దింపలేదు. వాడు నా జుట్టు పట్టుకుని గుంజుతూ కేరింతలు కొట్టాడు. నట్టింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి బావి చుట్టూ, అలా ఎత్తుకునే నడిచాను. తిరిగి వచ్చేసరికి వదినగారు ఆ దుప్పటి మడతపెడుతున్నారు. వీడికే ఉంచవే అని నా భుజం మీద వేసి, కళ్ళు తుడుచుకున్నారు.

నాట్లయిపోయాక అప్పయ్యమ్మ వచ్చింది. జరిగిందంతా చెప్పాను. శభాష్ అంటుందేమోనని చూశాను. అలాంటిదేమీ లేదు. తుంటి మడిసినారా అని అడిగింది. మడిచానన్నాను. నొప్పి వచ్చినాదా అంది. వచ్చిందన్నాను. దింపీసినారా అంది. లేదన్నాను. అప్పుడు ఆమె రెండు చేతులూ నడుం మీద ఆనించి మబ్బు చూసింది. చాలాసేపు చూసింది. కిందికి చూసేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. నేను వసారా మెట్టు దిగి సూర్యాన్ని ఆమె చేతుల్లో పెట్టాను. అత్తగారు గుమ్మంలోంచి చూశారు. చూసి లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున వంటింట్లో చప్పుడైతే తొంగి చూశాను. ఆవిడ మడికర్రను వీపుకు ఆనించుకుని, పళ్ళు బిగపట్టి, జానెడు జానెడు వంగుతున్నారు. నేను నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోయాను.

నా నడుం నొప్పి ఈనాటికీ పోలేదు. దానితోనే ఇంకో ముగ్గుర్ని కన్నాను, పెంచాను, మనవల్ని ఎత్తుకున్నాను. మా ఇంట్లో ఎవరు ఎంతసేపు కూర్చున్నా, ఇక లేచి మబ్బు చూడండిరా అంటాను. అంతా ఆమె పెట్టిన భిక్ష. కానీ ఒక్క మాట ఇన్నేళ్ళుగా నన్ను తింటోంది. ఆమె దంచిన తవుడుతో రోజూ నా నడుముకు కాపడం పెట్టుకున్నానే, ఆ ఏడాది గాని, తర్వాత ఆమె మా ఇంటికి వచ్చిన ఆరేడేళ్ళలో గాని, కూర్చో అప్పయ్యమ్మా, నీ నడుముకు కూడా పెడతాను అని ఒక్కసారైనా అన్నానా? మడి అడ్డమొచ్చిందని చాలాకాలం సరిపెట్టుకున్నాను. అబద్ధం. నెలకు మూడు రోజులు నేను కూడా అదే పెరట్లో విడిగా కూర్చునేదాన్ని. ఆ మూడు రోజులూ నాకు ఏ మడి అడ్డం? తోచలేదు, అంతే. ఆమె నొప్పి తెలిసిన ఒక్కదాన్నీ నేనే అయ్యుండి, నాకే తోచలేదు.

తవుడు వేగింది. మూటకట్టి తీసుకెళ్ళి మనవరాలి నడుం మీద ఆనించాను. అబ్బ, ప్రాణం లేచొచ్చింది మామ్మా అంటూ కళ్ళు మూసుకుంది. మూట అటూ ఇటూ జరుపుతూ కాసేపు అద్దాను. తర్వాత దాన్ని పక్కన పెట్టి, చెయ్యి అక్కడే ఉంచేశాను.

"మూట తీసేశావుగా మామ్మా, ఇంకా చెయ్యెందుకు?" అంది.

"ఉండనీవే" అన్నాను.