ఐరిస్ మొక్కకు మఫ్లర్

మొక్కను ప్రేమతో చంపడం ఎలాగో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఇది శ్రద్ధగా చదవండి. పగబట్టి ఎవరైనా చంపుతారు, అందులో గొప్పేముంది? నేను మఫ్లర్ చుట్టి చంపాను.

తొంభైల చివర్లో బెంగళూరులో ఇనుప గొట్టాలు అమ్మే ఒక కంపెనీలో చేరాను. ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. నన్ను పర్మనెంట్ చేయాలా, తిరిగి కడప బస్సు ఎక్కించాలా అన్నది మా మేనేజరు నాగరాజు గారి చేతిలో ఉంది. కాటన్‌పేటలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. మొక్కలంటే ప్రాణం. ఎవరో సిమ్లా నుంచి తెచ్చిచ్చిన ఐరిస్ మొక్క ఒకటి ఆయన దగ్గర ఉండేది. జానెడు ఎత్తు, పూరేకుల మీద గడ్డంలా నూగు, ఏడాదికి రెండుసార్లు పూసే రకమట. 'అట' అని ఎందుకంటున్నానంటే దాని పువ్వును ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు, నా పుణ్యమా అని ఇక ఎవరూ చూడబోరు.

డిసెంబరులో ఆయన పని మీద బొంబాయి వెళ్తూ ఆ కుండీని నాకు అప్పగించారు.

"చూడప్పా, దుంప మట్టిపైన కనపడతా ఉండాల. నీళ్లు ఎప్పుడో ఒకసారి. చలి బాగా తగిల్తేనే ఇది మొగ్గేసేది. మన ఊరి చలి దానికి చాలదు, ఉండే చలంతా తగలనీ. సుమ్నే, ఊరికే మేడ మీద వదిలెయ్, ఏమీ చెయ్యద్దు."

"నిశ్చింతగా వెళ్లండి సార్. బిడ్డలా చూసుకుంటా" అన్నాను. అదే కొంప ముంచింది.

ఏమీ చేయకుండా ఉండటం నాకు పుట్టుకతోనే చేతకాదు. కూర్చుంటే కాళ్లు ఆడతాయి, నిలబడితే చేతులు ఆడతాయి. పైగా కడపవాణ్ణి, నాకు బెంగళూరు డిసెంబరంటే హిమాలయమే. మడివాళలో మా మేడ మీద స్వెట్టరు, మంకీ క్యాప్ వేసుకుని నేనే వణుకుతుంటే, ఎదురుగా ఆ దుంప అల్లం కొమ్ములా, పైన గుప్పెడు మట్టైనా లేకుండా పడుంది. చూసి కడుపు తరుక్కుపోయింది. మేనేజరు గారు ఈ చలిలోనే పుట్టి పెరిగారు, ఆయనకేం తెలుస్తుంది పాపం అనుకుని నిండా మట్టి కప్పాను. ఆకులకు నా మఫ్లర్ చుట్టాను. సాయంత్రం కాగానే గదిలోకి తెచ్చి బల్బు కింద పెట్టేవాణ్ణి. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లు.

నా రూమ్మేటు యాదగిరిది మహబూబ్‌నగర్. మంచం దిగకుండానే అడిగాడు.

"నీళ్లు సరే, చాయ్ గూడ పోస్తవారా?"

"నా ఉద్యోగంరా ఇది."

"గట్లయితే దాన్ని జర పండనియ్యి. పొద్దుమాపు తవ్వుతనే ఉంటవేందిరా?"

నిజమే. మొగ్గ వస్తోందేమోనని రోజూ చెంచాతో తవ్వి చూసి మళ్లీ కప్పేవాణ్ణి. కొన్నాళ్లకు ఆకులు పసుపుపచ్చగా మారాయి. గదిలో ఏదో కుళ్లిన వాసన. యాదగిరి నా సాక్సులను అనుమానించాడు, నేను వాడి సాక్సులను అనుమానించాను. చివరికి భయం పట్టుకుని ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి బొంబాయికి ఫోన్ చేశాను.

"మొక్క ఎట్లుండాదప్పా?" అన్నారు నాగరాజు గారు.

"వెచ్చగా ఉంది సార్."

 బూత్‌లో మీటరు గిర్రున తిరుగుతోంది.

"వెచ్చగానా?"

"మఫ్లర్ చుట్టినా సార్. దుంపకు మట్టి కూడా కప్పినా."

"ఆ మఫ్లర్ తీసి నీ చేతులకు కట్టుకో. ముందు దుంప పైకి తియ్యి."

ఆ ముక్కతో ఊరుకుని ఉంటే దుంపలో కొసరైనా మిగిలేదేమో. నేనా ఊరుకునేది? ఇన్నాళ్లూ తగలని చలంతా ఒక్క పూటలో తగిలించాలని జ్యూస్ అంగడి నుంచి ఐసు తెచ్చి కుండీ నింపాను. కరిగాక దుంపను పట్టుకుని లాగితే, మగ్గిన అరటిపండులా నా చేతిలోనే చితికిపోయింది.

నాగరాజు గారు తిరిగొచ్చిన రోజు ఖాళీ కుండీ ఆయన బల్ల మీద పెట్టి తలవంచుకుని నిలబడ్డాను. అమ్మకు ఏం చెప్పాలో కూడా ఆలోచించుకుని ఉన్నాను. ఆయన కుండీలోకి చూశారు, నా వైపు చూశారు.

"నీ పని మీద నాకు అనుమానం లేదప్పా. నీ ప్రేమ మీదనే నాకు భయం. ఉద్యోగం పర్మనెంట్ చేస్తా ఉండా. రేపట్నించి అత్తిబెలె గోడౌన్‌కు పో. అక్కడ ఉండేవన్నీ ఇనుప గొట్టాలే. నువ్వెంత బాగా చూసుకున్నా చావవు."

మర్నాడు అత్తిబెలెలో, ఆ గొట్టాల గుట్ట సాక్షిగా, కుడిచెయ్యి ముందుకు చాచి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో నాకు అప్పగించిన దేన్నీ అవసరానికి మించి పట్టించుకోను. ఆ మాట మీద నిలబడ్డాను కూడా. సాయంత్రం మబ్బు పట్టేదాకా నిలబడ్డాను. ఆ తర్వాత గోడౌన్ లోపలున్న గొట్టాలు తడిసిపోతాయేమోనని మనసు ఆగక, అన్నిటికీ టార్పాలిన్ కప్పి ఇంటికి వెళ్లాను.