చివర నలభై మూడు

నరసరావుపేటలో మా ల్యాబుకి సాఫ్ట్‌వేర్ రాసింది నేనే. "పేరుతో వెతకొద్దు, నంబరుతోనే వెతకండి" అని కౌంటరులో గట్టిగా చెప్పిందీ నేనే. మా వైపు ఎంతమంది మనవరాళ్ళు పుడితే అంతమందికీ నాయనమ్మ పేరే. ఒక్క పేరు పిలిస్తే నలుగురు పలుకుతారు. అందుకని ప్రతి శాంపిల్ సీసాకీ తేదీ, సెంటరు, వరస కలిపి పదిహేడు అంకెల నంబరు వేయించాను. ఇక పొరపాటుకి తావే లేదని మురిసిపోయాను.

ఈపూరు నుంచి ఇద్దరు తోటికోడళ్ళు వచ్చారు. పుట్టింటి వైపు కూడా అన్నదమ్ముల పిల్లలే. ఇద్దరిదీ నాయనమ్మ పేరే, మెట్టినిల్లు ఒకటే కాబట్టి ఇంటిపేరూ ఒకటే. ఇద్దరికీ రొమ్ములో గడ్డ. ముక్క తీసి పరీక్షకి పంపారు. పెద్దామె నంబరు చివర నలభై మూడు, చిన్నామెది నలభై నాలుగు. వారం తర్వాత ఇద్దరికీ క్యాన్సర్ లేదన్న కాగితాలే వచ్చాయి. పేరు సరిపోయింది. పదిహేడు అంకెలు చివరిదాకా ఎవరు చదువుతారు?

నాలుగు నెలలకి పెద్దామె మళ్ళీ వచ్చింది. గడ్డ పెరిగింది, చెయ్యి వాచింది. "ఏం లేదన్నారు గదయ్యా! అందుకే ఆకుపసరు కట్టుకుంటా ఊరుకున్నా. ఇప్పుడేమో చానా సలుపుతుంది" అంది.

పాత రిపోర్టు తీద్దామని నేనే కూర్చున్నాను. నలభై మూడు కొడితే తెర మీద నలభై నాలుగు వచ్చింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. నేను రాసిన కోడ్ తెరిచి చూశాను.

మా సాఫ్ట్‌వేర్ నడిచేది బ్రౌజరులో. అది మామూలు సంఖ్యని పదిహేను అంకెలదాకా సరిగ్గా పట్టుకుంటుంది. అది దాటితే దగ్గర్లో తనకి పట్టే సంఖ్యకి జరిపేస్తుంది, ఆ సంగతి చెప్పదు కూడా. నంబరుని సంఖ్యగా కాక పేరులాగా, అక్షరాలుగా దాచి ఉంటే ఈ తంటా లేదు. ఇదంతా కాలేజీలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా సిగ్గులేకుండా ఒకటి, రెండు, మూడు అని కొట్టి చూసి టెస్టింగ్ అయిపోయిందన్నాను.

ఆ తప్పు దిద్దాక ఆమె అసలు రిపోర్టు తెరుచుకుంది, క్యాన్సర్ అని. నాలుగు నెలలుగా ఒక్క అంకె చెదరకుండా అక్కడే ఉంది. ఎవరూ తెరవలేదంతే.

డాక్టరుగారు విషయం చెప్పి పంపాక ఆమె కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చదువు రాదు.

"ఇదెప్పుడొచ్చింది అబ్బాయా?"

తేదీ ఆమె బొటనవేలి పక్కనే ఉంది.

"ఇయ్యాలే పెద్దమ్మా" అన్నాను.

"పోన్లే, వచ్చిన రోజే చెప్పావు. నీ కడుపు చల్లగుండ!" అంది.

ఆమె ఇప్పుడు లేదు. చిన్నామె ఏటా పరీక్షకి వస్తుంది. కౌంటరులో ఆ పేరు పిలిచినప్పుడల్లా ఇద్దరు లేస్తారేమోనని తలెత్తి చూస్తాను. ఒక్కరే లేస్తారు.