ఐలి గారి గులాబీ

టౌనో లేవగానే మొహమైనా కడుక్కోకుండా తోటలోకి వెళ్తాడు. మోకాళ్ళ మీద కూర్చుని గులాబీ కొమ్మల్ని కింది నుంచి పైదాకా తడుముతాడు. లోపల పచ్చదనం ఉందో లేదోనని బెరడును గోటితో గీకుతాడు. గీకని చోటంటూ మిగల్లేదు. కుళాయి నీళ్ళు మంచులా ఉంటాయని పొయ్యి మీద గోరువెచ్చగా కాచి, రెండు బకెట్లు మొక్క మొదట్లో పోస్తాడు. పక్కింటి ఐలి వృద్ధాశ్రమానికి వెళ్తూ ముప్పై ఏళ్ళ తన పొదను ఇతనికి అప్పగించింది. మంచు కరగగానే తవ్వి తెచ్చి, చలికి చావకుండా లోతుగా నాటాడు. జూన్ వచ్చేసరికి ఉత్తర ఫిన్లాండ్‌లోని ఆ ఊళ్ళో చెట్లన్నీ ఆకులేశాయి. ఇది మాత్రం ఎండుపుల్లలా నిలబడింది. ఐలి రోజూ ఫోన్ చేసి, "చిగురేసిందా?" అని అడిగేది. ఒకరోజు ఆమె దగ్గు విని బెదిరిపోయి, "వేసింది," అనేశాడు.

"అయితే ఆదివారం వచ్చి చూస్తా."

మూడు రోజులు అతనికి తిండి సయించలేదు. చక్రాల కుర్చీలో వచ్చిన ఐలి పొదను చూసింది, అతన్ని చూసింది.

"అబద్ధం చెప్పానండీ," అన్నాడు టౌనో తల వంచుకుని.

ఆమె వంగి మట్టిలో వేలు గుచ్చింది. "బురద చేశావు కదయ్యా! దాహం మొక్కకా, నీకా? ఆ మొదట్లో మట్టి తియ్యి."

టౌనో చేతులతో తోడాడు. నాలుగు వేళ్ళ లోతున అగ్గిపుల్ల తలంత ఎర్రటి మొలక కనిపించింది.

"బతుకుతుందో లేదో ఇంకా తెలీదు," అంది ఐలి. "పోయినా నాకు చెప్పాలి. ఆశ్రమంలో అందరూ నాతో అంతా బాగుందనే అంటారు. నువ్వూ అలా మొదలెట్టకు."