షాకిర్ గైడా

షాకిర్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని బల్గేరియాలోని రొడోపీ కొండల్లో అందరికీ తెలుసు. మేకతోలును వెంట్రుకలు లోపలికి తిప్పి సంచిగా కట్టి, ఊదే గొట్టాలు బిగించి అతను చేసే గైడా వాద్యం కోసం ఎంతటివాడైనా ఆ తిట్లు భరించాల్సిందే. ముప్పై ఏళ్లుగా షాకిర్ గైడా వాయిస్తూ ముందు నడవనిదే వాళ్ల ఊళ్లో ఏ పెళ్లికూతురూ పుట్టింటి గడప దాటలేదు.

ఆ ఏడు ప్రభుత్వం ఆ కొండల్లోని ముస్లింల పేర్లన్నీ కొట్టేసి బల్గేరియన్ పేర్లు అంటగట్టింది. పోలీసుల్ని వాకిట్లో నిలబెట్టి మరీ రాసుకుపోయారు. షాకిర్ కాగితాల్లో స్వెతోస్లావ్ అయ్యాడు. చచ్చిపోయిన అన్న ఆసన్ కూతురు నజ్మియే, నదేజ్దా అయింది. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకోటి ఉంటుందా?

నజ్మియే పెళ్లిరోజు పొద్దున్నే పంచాయతీ గుమాస్తా వెల్కో పోలీసులతో వచ్చి పెళ్లింటి గుమ్మం దగ్గర కాపు కాశాడు.

"వాయించాలంటే అనుమతి కావాలి. ఇక్కడ స్వెతోస్లావ్ అని సంతకం పెట్టు."

"ఎవడ్రా వాడు? నాకు తెలీదు."

"మొండికెయ్యకు మామా. నా ఉద్యోగం పోతుంది."

షాకిర్ చంకలో సంచిని అతని మొహం మీదికి తోశాడు. "దీన్నేమంటారు?"

"గైడా."

"సరిహద్దు అవతల గ్రీకువాడు?"

"గైడానే."

"టర్కీవాడు?"

"గైడానే! అయితే ఏంటంట?"

"చచ్చిన మేకతోలు ఎవడింటికెళ్లినా దాని పేరు దానిదేరా! బతికున్నవాణ్ణి, నా పేరు నాకుంచరా?"

వెల్కో వెనకున్న పోలీసుల్లో ఒకడు గైడా లాక్కున్నాడు. షాకిర్ కలబడ్డాడు కానీ, ఇంకో ఇద్దరు పట్టుకుని గోడకి అదిమారు.

నజ్మియే గడప మీదే ఆగిపోయింది. "బాబాయ్, నువ్వు ముందు లేకుండా నేను అడుగు బయట పెట్టను."

షాకిర్ పోలీసుల చేతులు విదిలించుకుని వీధి మధ్యకొచ్చి గొంతు చించుకుని అరిచాడు.

"నజ్మియే! మా ఆసన్ కూతురు నజ్మియే వస్తోంది!"

ఆమె గడప దాటింది. అడుగుకోసారి ఆ పేరు అరుస్తూ అతను ముందు నడిచాడు. నాలుగిళ్లు దాటేసరికి కిటికీలోంచి ఒక ముసలమ్మ తన అసలు పేరు అరిచింది. ఆ పక్కింట్లోంచి ఇంకొకామె తన పేరు అరిచింది.