తాతారావు గారి కిడ్నీల దుప్పటి

పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే తాతారావు గారికి ఒకటే పిచ్చి. మనిషి లోపలి అవయవాల బొమ్మలు ఊరికే ఎక్కడ దొరుకుతాయా అని ఇంటర్నెట్లో వెతికించడం! వెతికేది ఆయన కాదు. బందరులో నెట్ సెంటర్ పెట్టుకున్న పాపానికి, నేను.

2003లో ప్రతి గురువారం బస్సు దిగి నేరుగా వచ్చేసేవారు.

"అబ్బాయ్, ఇవాళ కడుపు కోసి లోపల చూద్దాం."

పక్క కంప్యూటర్లో పెళ్లి సంబంధాలు చూసుకుంటున్న ఉమాదేవి గారు అదిరిపడి లేచి నిలబడ్డారు.

బొమ్మ కనపడగానే ఆయన అడిగేది ఒకటే. "కింద ఏం రాశాడు? వాడుకోవచ్చన్నాడా?"

"అనలేదండీ."

"అయితే వద్దు. నా డిజైన్ ఎత్తుకుపోయినవాణ్ణి ఇప్పటికీ తిట్టుకుంటున్నా. ఇంకోటి చూడు."

అలా రెండు నెలలు గాలించాక, ఎవరైనా వాడుకోవచ్చని రాసిన కిడ్నీల బొమ్మ దొరికింది. ఆయన మురిసిపోయారు. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

నెల తిరక్కుండా మా ఆవిడ నవ్య పెడన నుంచి కొత్త దుప్పటి తెచ్చి మంచం మీద పరిచింది. "మామిడిపిందెలండీ. బాగున్నాయి కదూ?"

దుప్పటి నిండా కిడ్నీలు! జతలు జతలుగా, గొట్టాలతో సహా!

మర్నాడే పెడన వెళ్లి నిలదీశాను. "ఏంటండీ ఈ ఘోరం?"

ఆయన తల పట్టుకున్నారు. "కొత్త అచ్చు గట్టిపడాలని నూనెలో నానబెట్టి అలా బయటికి వెళ్లానయ్యా. మా అద్దకం సూరయ్య ఆ గొట్టాలు తొడిమలనుకుని ఇరవై దుప్పట్లు అద్దేశాడు. అన్నీ అమ్ముడుపోయాయి కూడా!"

"అసలు మీకు కిడ్నీ అచ్చెందుకండీ?"

ఆయన షెడ్డు మూలకి చూపించారు. అద్దిన గుడ్డలు ఉతికే రాజకుమారి నడుం పట్టుకుని కూర్చుంది. కిడ్నీలో రాయట. ఆపరేషన్ చేయకపోతే కిడ్నీ పోతుందని డాక్టరు చెప్పారట. కిడ్నీయే కోసుకుపోతారని ఈమె భయం. రెండుసార్లు ఆస్పత్రి నుంచి పారిపోయి వచ్చిందట.

"కాగితం మీద చూపిస్తే కళ్లు మూసుకుంటోంది. గుడ్డయితే చూస్తుంది. పాతికేళ్లుగా ఏ గుడ్డలో ఎక్కడ రంగు తప్పిందో చెప్పేది ఆవిడేగా!"

తువ్వాలంత గుడ్డ తెచ్చి ఆమె ముందు పరిచారు. ఎర్రటి కిడ్నీలు రెండు, ఒకదాంట్లో నల్లటి చుక్క. రాజకుమారి చాలాసేపు వేలితో తడిమింది.

"తీసేది ఈ నలక ఒక్కటేనా?"

"అంతేనమ్మా. మిగతాదంతా నీ దగ్గరే ఉంటుంది."

ఇన్నాళ్లూ ఈయన్ని మనసులో తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది.

ఆపరేషన్ రోజున రాజకుమారి ఆ గుడ్డ డాక్టరు గారి బల్ల మీద పరిచింది. "ఈ చుక్క తియ్యండి బాబూ. పక్కన రంగు చెదరకూడదు."

వారం తర్వాత చూడ్డానికి వెళ్లాం. ఆమె డాక్టరు గారిచ్చిన సీసాలోంచి రాయి తీసి, గుడ్డ మీద చుక్క పక్కన పెట్టి, అటూ ఇటూ చూసింది.

"తాతారావు గారూ, చుక్క కొంచెం చిన్నగా వేశారండీ."