పెరట్లో ఏడవకండి

పొద్దు వాలే వేళకి భిలాయి స్మృతి నగర్‌లో మా మేడ మీంచి చిలకలు వెళతాయి. లక్ష ఉంటాయని నేనంటాను, డెబ్భై ఉంటాయేమోనని మా ఆయన అంటారు. జీవితమంతా ఉక్కు కడ్డీలు కొలిచిన మనిషికి అంతకంటే పెద్ద అంకె నోట్లోంచి రాదు. చిలక పలుకులని ముద్దుగా చెప్పుకుంటారు గాని, గుంపుగా వెళ్లే చిలకల కూత ఎలా ఉంటుందంటే, ఊళ్లో ఉన్న తుప్పు పట్టిన గేట్లన్నీ ఒక్కసారే తెరిచినట్టుంటుంది. ఆ మోత వినబడగానే ఆరేసిన బట్టలు తీస్తున్న నా చేతులు ఆగిపోతాయి. సూరమ్మత్త గుర్తొస్తుంది.

ఆవిడ నాకు చుట్టం కాదు. తొంభైల మొదట్లో నేను విజయనగరం నుంచి కొత్త పెళ్లికూతురిగా ఉక్కు కర్మాగారం వాళ్ల సెక్టర్ 2 క్వార్టర్‌కి వచ్చేసరికి పక్క క్వార్టర్‌లో ఆవిడ, ఆవిడ భర్త ఉండేవారు. పాలకొండ దగ్గర పల్లె వాళ్లది. మావయ్య బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పని చేసి చేసి, ఆయన తుమ్మితే గోడ మీద మసి పడేది. పిల్లల్లేరు. రెండు పెరళ్లకీ మధ్య మనిషెత్తు గోడ ఒకటి ఉండేది. రోజూ దీపాలు పెట్టే వేళకి గోడ అవతల నుంచి అత్త కేకేసేది.

"ఉన్నావేటే?"

"ఉన్నాన్లే అత్తా."

అంతే. పని ఉండి పిలిచింది కాదు. ఆ కేకకి సెక్టర్ 6 లో కూడా ఎవరో ఒకరు బదులు పలికి ఉంటారని నా నమ్మకం, అంత గొంతు ఆవిడది. నేను తలనొప్పి వచ్చి బదులివ్వని రోజున గోడ మీంచి ఆవిడ తల, ఆ వెనక నిచ్చెన, ఆ వెనక మావయ్య, అందరూ ప్రత్యక్షమయ్యారు. "బదులు రాకపోతే నాకు అన్నం దిగదే" అంది.

నాకప్పటికి హిందీ రాదు. ముప్ఫై రోజుల్లో నేర్పుతామని చెప్పే పుస్తకమొకటి కొనుక్కుని, బట్టీ పట్టి, పాల బూత్ దగ్గర వరసలో నా వంతు రాగానే "కృపయా ముఝే దుగ్ధ్ ప్రదాన్ కీజియే" అన్నాను, అంటే దయచేసి నాకు క్షీరము ప్రసాదించండి అని. పాలవాడు లేచి నిలబడి చేతులు జోడించాడు. వరసలో ఉన్న మా వీధి తివారీ దీదీ నవ్వి నవ్వి, గిన్నె జారవిడిచి, చివరికి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఇంటికొచ్చి ఏడుస్తుంటే అత్త పుస్తకం తీసుకుని పొయ్యి పక్కన పెట్టింది.

"పుస్తకంలో మాటకి బదులు సెప్పే మనిషి ఉండడే. నాతో రా. నెల్లాళ్లు నోరు మూసుకుని ఇను. ఎవులు ఎవులితో ఎలా మాటాడతన్నారో సూడు. నిన్నేదైనా అడిగితే బదులు సెప్పు, అంతే. మాట దానంతటదే వస్తాది."

అలాగే వచ్చింది. నెల కాదు, నాలుగు నెలలు పట్టింది. నేను మొదట నేర్చిన హిందీ అంతా తివారీ దీదీది కావడం వల్ల ఇప్పటికీ కోపం వస్తే నా గొంతులో ఒక తివారీ పలుకుతుంది. అత్త మాత్రం ఆ నేర్పు కోసం తను ఎంత పడిందో చెప్పలేదు. తను ఇక్కడికి వచ్చిన కొత్తల్లో కొళాయి దగ్గర ఆడవాళ్లు నవ్వితే ఏడాది పాటు నోరు విప్పలేదని, ఆ ఏడాదంతా పెంచిన చిలకతోనే మాట్లాడిందని మావయ్య చెప్పాడు.

చిలకల్ని పెంచడం వాళ్లింట్లో అప్పటి నుంచీ ఉంది. నేను చూసిన దాని పేరు బంగారి. అది తెలుగు మాట్లాడేది. తెలుగంటే పాలకొండ తెలుగు. "ఏటే, బువ్వ తిన్నావేటే?" అని నన్ను రోజుకి పదివేల సార్లు అడిగేది. దీపాల వేళకి అత్త కంటే ముందే "ఉన్నావేటే" అని కేకేసేది. నేను అత్తకనుకుని చిలకకీ, చిలకకనుకుని అత్తకీ బదులు చెప్పేదాన్ని. మా క్వార్టర్ల వరసలో ఆంధ్రా వాళ్ల పిల్లలందరి కంటే దాని తెలుగే బాగుండేదని మావయ్య మురిసిపోయేవాడు.

ఆ మురిపెమే కొంప ముంచింది. ఒక సాయంత్రం అడవి చిలకల గుంపు పెరట్లో జామ చెట్టు మీద వాలితే, మావయ్యకి జాలి పుట్టి పంజరం తలుపు తీశాడు. బంగారి ఎగిరి వాటి మధ్యకి వెళ్లి కూర్చుంది. రెక్కలు సర్దుకుని, తనకి తెలిసిన మంచి మాట అంది.

"ఉన్నావేటే?"

గుంపు మొత్తం నోరు మూసుకుంది. మరుక్షణం చెట్టు ఖాళీ. బంగారి వాటి వెనక కరెంటు తీగ వరకు ఎగిరి, అక్కడి నుంచి దిగడం చేతకాక ఉండిపోయింది. కింద నుంచి అత్త "ఉన్నానే, దిగి రాయే" అని గొంతు పోయేదాకా పిలిచింది. పైనుంచి అది "ఉన్నావేటే" అంటూనే ఉంది. చీకటి పడింది. తెల్లారేసరికి కాకులు దాన్ని గోడ పక్కన పడేశాయి. ఇక్కడ నేను పెంచి చెప్పడానికి ఏమీ లేదు.

పంజరాన్ని అత్త పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేసింది. "దానికి మన మాట నేర్పి దాని మాట తీసేశాం" అంది, అది ఒక్కసారే.

రెండేళ్ల తర్వాత వేసవిలో పెద్ద ఆంధీ, అదే దుమ్ముగాలి, వచ్చి కొమ్మలు విరిగినప్పుడు, రోడ్డు పక్క ఎండు చెట్టు తొర్రలోంచి ఒక చిలక పిల్ల కింద పడింది. అప్పుడప్పుడే ఈకలొస్తున్నాయి. అత్త కొంగులో వేసుకుని తెచ్చింది. వస్తూనే మా వరసలో ప్రతి తలుపూ కొట్టింది. ఆ పిట్టతో ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదు. తెలుగు వద్దు, హిందీ వద్దు, "మిఠ్ఠూ బోలో" అని పలకమనడం అసలే వద్దు.

"పేరేం పెడతావత్తా?" అన్నాను.

"పేరెట్టేస్తే మన ఇంటి పిల్లయిపోతాది. దానికి పేరు ఎట్టేవోళ్లు పైనున్నారు."

జామ కొమ్మకి వైరు బుట్ట కట్టి, నానబెట్టిన శనగలు మెదిపి, పెదాలు బిగించి తినిపించేది. అంత గొంతున్న మనిషి అలా ఊరుకుంటే సెక్టర్ 2 కి చెవుడొచ్చినట్టుండేది. దీపాల వేళ కేక కూడా మానేసి, వీధి గుమ్మంలోంచి చెయ్యి ఊపేది. నేను చెయ్యి ఊపేదాన్ని. ఒక రోజు ఆ పిల్ల మా కుక్కర్ లాగా కూసింది. అత్త పరిగెత్తుకొచ్చింది.

"విజ్జీ, కుక్కర్ కట్టెయ్. రేపు అది ఎల్లి గుంపులో ఈల ఏస్తే ఏటి గతి?"

ఆ వర్షాకాలమంతా మా ఇంట్లో పప్పు గిన్నెలోనే ఉడికింది. ఉడికింది అనడం మర్యాద కోసం. మా ఆయన దంతాలు అరిగాయి.

ఆషాఢంలో మావయ్యకి గుండె ఆగిపోయింది. డ్యూటీకి బూట్లు వేసుకుంటూ కుర్చీలోంచి పక్కకి వాలాడు, అంతే. మనిషి పోతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. దసరా దాకా గడువు ఇచ్చారు. పాలకొండ నుంచి తమ్ముడొచ్చి "అక్కా, ఇప్పుడే నాతో వచ్చీ" అన్నాడు. అత్త రానంది. పిట్ట గుంపులో కలిసేదాకా కదలనంది. తమ్ముడు నా వైపు చూశాడు. ఈవిడకి మతి పోయిందా అని ఆ చూపు.

పరామర్శకి చరోదా రైల్వే కాలనీ నుంచి కూడా మన ఆడవాళ్లు వచ్చారు. మన వైపు వాళ్ల ఏడుపు మీకు తెలుసు. గుండెలు బాదుకుని, పోయినవాడి గుణాలన్నీ రాగం తీసి చెబుతారు. ఇల్లు చాలక పెరట్లోకి వచ్చి మొదలుపెట్టారు. తెల్లచీర కట్టుకుని మూలన కూర్చున్న అత్త లేచి, గడప దగ్గరకొచ్చి, చాలా నెమ్మదిగా చెప్పింది.

"పెరట్లో ఏడవకండమ్మా. పిట్ట నేర్సుకుంటాది."

అందరూ గప్‌చిప్‌గా లోపలికి వచ్చారు. తలుపులేసుకుని ఏడ్చారు. అత్త ఏడవడం నేను చూడలేదు.

అడవి చిలకలు జామకాయల కోసం వస్తూనే ఉన్నాయి. వాటిలో తోక ఊడిన ముసలిది ఒకటి బుట్ట దగ్గర కొమ్మ మీద వాలి ఏదో అనేది. పిల్ల తప్పుగా బదులిచ్చేది. అది మళ్లీ అనేది. నేను పాల బూత్ దగ్గర నిలబడ్డ రోజులు నాకు గుర్తొచ్చేవి. వినాయక చవితి నాటికి కుక్కర్ కూత పోయింది. అత్త బుట్ట మూత తీసి వదిలేసేది. పిల్ల చెట్టంతా తిరిగి, గుంపు ఎగిరిపోతే వెనక్కి వచ్చేది. అత్త రోజులు లెక్కపెట్టుకునేది. సామాను కట్టిన మూటల మధ్య కూర్చుని ఆ చెట్టునే చూసేది.

దసరాకి ముందు ఒక సాయంత్రం గుంపు లేచింది. బుట్ట ఖాళీ. ఇద్దరం తలెత్తి చూశాం.

"ఏదే మనది?"

"తెలీటం లేదత్తా. అన్నీ ఒకలాగే కూస్తున్నాయి."

"ఐతే బతుకుతాది" అంది. చాలా నెలల తర్వాత గొంతెత్తి అంది. ఆ వారంలోనే తమ్ముడితో వెళ్లిపోయింది.

మరుసటి ఏడు పుట్టింటికి వెళ్లినప్పుడు బస్సెక్కి ఆవిడ పల్లెకి వెళ్లాను. తమ్ముడి కోడలు మంచి పిల్ల. మజ్జిగిచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "మాతో మాటాడదండీ. వచ్చిన కొత్తల్లో మాటాడేది. మాట మద్దిన హిందీలో సబ్జీ అనేది, తోడా అనేది, ఏక్‌దమ్ అనేది. పిల్లలు ఎనకాల తిరిగి ఎక్కిరించీవోరు. పెద్దోళ్లమూ నవ్వేం, తప్పేటుందని. అప్పుడు ఆపీసింది."

అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంది అత్త. సగమైపోయింది. నేను పక్కన కూర్చుని, భిలాయిలో మేమిద్దరం మాట్లాడుకున్నట్టే అన్నాను.

"క్యా అత్తా, చాయ్ తాగి ఏక్‌దమ్ మౌనం పట్టేశావేటి?"

ఆవిడ నా వైపు తిరిగి సర్దుకుని కూర్చుంది. తర్వాత మొదలెట్టింది. తివారీ దీదీ మోకాళ్ల నొప్పి, పాల బూత్, జామ చెట్టు, కొత్తగా క్వార్టర్‌లోకి వచ్చినవాళ్లు దాన్ని కొట్టేశారా ఉంచారా. కోడలు గుమ్మంలో నిలబడిపోయింది. పొలాల మీంచి చిలకల గుంపొకటి వెళ్లింది. అత్త చెవి ఒగ్గి విని తలూపింది.

"ఈటి కూత వేరేనే. మనవి కాదు."

బస్సు టైమయింది. వీధి మలుపు దాకా వచ్చాక ఉండబట్టలేక వెనక్కి తిరిగి, నా శక్తి కొద్దీ కేకేశాను. "ఉన్నావేటి అత్తా?" ఊళ్లో కుక్కలన్నీ మొరిగాయి. ఆ మొరుగుళ్ల పైనుంచి, అంత దూరం నుంచి, పాత గొంతుతో వచ్చింది జవాబు.

"ఉన్నాన్లేయే."

అదే ఆఖరు. సంక్రాంతి వెళ్లాక పోయిందని కబురొచ్చింది. ఆ తర్వాత నేను అడిగితే, ఆఖరి నెలల్లో ఆవిడ నోట ఒక్క మాటైనా విన్నామని ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇప్పుడు స్మృతి నగర్‌లో మా పక్కింట్లో రాయ్‌గఢ్ నుంచి వచ్చిన కొత్త కోడలు ఉంటుంది. తెలుగు ముక్క రాదు. మొదట్లో దీపాల వేళ నేను గోడ మీంచి "ఉన్నావేటే" అంటే, టీ పిలుపేమో అనుకుని గ్లాసు పట్టుకుని వచ్చేది. నేనేమీ వివరించలేదు. రోజూ పిలిచి, "ఉన్నాన్లే అత్తా" అని బదులూ నేనే చెప్పుకునేదాన్ని. మూడో నెలలో "ఉన్నాన్లే అత్తా" అంది, అచ్చం పాలకొండ యాసలో. ఆ యాస ఎక్కడిదో ఆ పిల్లకి తెలీదు.

నిన్న చిలకలు వెళ్లిపోయాక పిలిచాను. జవాబు రాలేదు. స్నానం చేస్తోందట, తర్వాత చెప్పింది. జవాబు వచ్చేదాకా నేను ఆరిన బట్టలు భుజం మీద వేసుకుని గోడ దగ్గరే నిలబడ్డాను.